పదో తరగతితో ముగిసే జీవశాస్త్రం

మా ఎల్లారెడ్డిపేటలో పదో తరగతి ఫలితాలు రాగానే ప్రతి ఇంటా ఒకటే ప్రశ్న: ఏ గ్రూపు? బైపీసీ తీసుకున్నవారు జీవశాస్త్రాన్ని కొనసాగిస్తారు. ఎంపీసీ, సీఈసీ, హెచ్ఈసీలకు వెళ్ళినవారికి పదో తరగతి పుస్తకమే చివరిది. పెళ్ళి, కాన్పు, పిల్లల పెంపకం, వృద్ధుల సేవ వంటి బాధ్యతలన్నిటినీ వారు ఆ కాస్త జ్ఞానంతోనే మోయాలి. అందుచేత పాఠ్యప్రణాళికను రూపొందించే పెద్దలు వైద్యుడు కాబోయే బిడ్డతోపాటు, వైద్యుడు కాబోని బిడ్డనూ దృష్టిలో ఉంచుకోవాలని మా అభిప్రాయం.

అనువంశికత పాఠాన్నే తీసుకుందాం. మెండెల్ బఠాణీ మొక్కలు, మూడుకు ఒకటి నిష్పత్తి పిల్లలకు కంఠస్థమే. అదే సూత్రం మన ఇళ్ళలోనూ పనిచేస్తుందన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. తలసీమియా అనే రక్తవ్యాధి ఇందుకు ఉదాహరణ. తల్లిదండ్రులిద్దరూ ఆ జన్యువుకు వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రవ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, వాహకంగా పుట్టే అవకాశం 50 శాతం. వ్యాధి తీవ్రంగా ఉన్న బిడ్డకు రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. వాహకులు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు కనుక పరీక్ష చేయిస్తే తప్ప ఈ సంగతి బయటపడదు. దగ్గరి బంధువులిద్దరికీ ఒకే తాత లేదా నానమ్మ నుండి అదే జన్యువు సంక్రమించి ఉండే అవకాశం హెచ్చు.

చిన్నాన్న, మేనమామ పిల్లలతో నికాహ్‌ను షరీఅత్ అనుమతించింది. అయితే అనుమతి వేరు, విధి వేరు. రక్తపరీక్ష ఆ అనుమతిని రద్దు చేయదు; తెలిసి నిర్ణయించుకునే వీలు కల్పిస్తుంది. సంబంధం కుదిరేముందు ఇల్లు, ఉద్యోగం, నడవడి విచారించే మనకు ఈ విచారణ భారమా? ఇద్దరిలో ఒకరే వాహకులై, రెండవవారి రక్తంలో అటువంటి లోపమేదీ లేకపోతే బిడ్డకు ఆ తీవ్రవ్యాధి రాదు. కాబట్టి వాహకురాలన్న మాటపై ఒక అమ్మాయిని చిన్నచూపు చూడటం అజ్ఞానమే కాదు, అన్యాయం కూడా. వ్యాధితో బిడ్డ పుడితే కోడలినొక్కదాన్నే నిందించే నోళ్ళకు ఈ పాఠమే సమాధానం.

దీనికి దారి లేకపోలేదు. 1991లో సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా వ్యాజ్యంలో ఇచ్చిన ఆదేశాల ఫలితంగా, పర్యావరణ విద్య అన్ని డిగ్రీ కోర్సుల విద్యార్థులకూ పాఠ్యాంశమైంది. కామర్స్ చదివేవారు సైతం దానిని చదువుతున్నారు. అదే తీరున దేహం, పోషణ, అంటువ్యాధులు, వంశపారంపర్యం గురించి ఒక చిన్న కోర్సు ఇంటర్లో, డిగ్రీలో అందరికీ ఉండాలి. రక్తపరీక్ష నివేదికను చదవడం, క్షయ మందులను మధ్యలో ఎందుకు ఆపకూడదో గ్రహించడం అందులో నేర్పాలి. పరీక్షలోనూ నిర్వచనం అడగడానికి బదులు ఒక వంశవృక్షాన్ని ఇచ్చి, పుట్టబోయే బిడ్డ సంగతి అడగాలి.

ప్రభుత్వం ఆ పని చేసేవరకు ఇళ్ళు, మదర్సాలు ఊరకుండనక్కరలేదు. నికాహ్ నియమాలు బోధించే తరగతిలో ఈ విషయానికీ ఒక గంట కేటాయించవచ్చు. తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే: పరీక్షలు కాగానే పిల్లల జీవశాస్త్ర పుస్తకాన్ని పాత కాగితాలవాడికి వేయకండి. అనువంశికత పాఠాన్ని ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చొని చదవండి, పిల్లల చేతనే చెప్పించుకోండి.