కంప్యూటర్ పరిచయం: పొడి అక్షరాలు, పూర్తి వాక్యాలు

‘ఫర్ ఇన్ఫర్మేషన్ అండ్ నెసెసరీ యాక్షన్’ అన్న మాటలు లేని ఉత్తరం మన కార్యాలయాలలో అరుదు. వాటిని ప్రతిసారీ టైపు చేయనవసరం లేదు. లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఆ మాటలను ఎంపిక చేసి, కంట్రోల్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కితే ఆటోటెక్స్ట్ తెరుచుకుంటుంది. అక్కడ ‘ఎఫ్ఐఎన్ఏ’ అనే పొడి అక్షరాలతో భద్రపరచుకుంటే, ఆపైన ఆ అక్షరాలు కొట్టి ఎఫ్3 నొక్కడమే తరువాయి.

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోని ఆటోకరెక్ట్ అయితే, స్పేస్‌బార్ నొక్కగానే తానే విస్తరిస్తుంది. కనుక ‘ఇన్‌కమ్ టాక్స్’కు ఐ, టి అక్షరాలను సంకేతంగా పెట్టుకోరాదు. ఆంగ్ల వాక్యంలో ‘ఇట్’ రావలసిన చోటల్లా ఆదాయపు పన్నే ప్రత్యక్షమవుతుంది!

తేదీలు, ఫైలు సంఖ్యలు, రూపాయల అంకెలు మాత్రం ఇలా దాచవద్దని మా మనవి. పాత అంకె కొత్త మంజూరు పత్రంలో చేరితే సంజాయిషీ ఇచ్చుకోవలసినది సంతకం చేసినవారే. మిగిలిన సమయంలో కొంత, ఉత్తరాన్ని మరొకమారు చదవడానికి వెచ్చిద్దాం.