హెచ్‌టీఎంఎల్ రెండు రోజుల పని కాదప్పా

పోస్టు కొంచెం పొడుగే. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లోళ్లు ఉన్నవాళ్లు మాత్రం కడదాకా చదవండి.

మన చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపు బీసీఏ ముగించిన పిల్లోళ్లు చానామంది చెప్పే మాట ఒకటే. "ఫ్రంట్ ఎండ్ నేర్చుకుంటా, బెంగళూరులో కోర్సు ఉంది, దుడ్లు కావల్ల." ఇంట్లోవాళ్లు చీటీ ఎత్తి కడతారు. అక్కడ హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ రెండు రోజుల్లో తేల్చేసి నేరుగా రియాక్ట్‌లోకి దూకిస్తారు. అదేమంటే, "అది పాతది, దాంట్లో ఏముంది" అంటారు.

పాతదే. టిమ్ బర్నర్స్ లీ 1991లో సెర్న్‌లో పెట్టిన మొదటి వెబ్‌సైటు పేజీని ఈ రోజు మీ ఫోన్‌లో తెరిచినా తెరుచుకుంటుంది. 2010లో వచ్చి ఊరంతా నేర్చుకున్న యాంగ్యులర్ జేఎస్‌కు 2022 నాటికి గూగుల్ మద్దతు ఆపేసింది. రియాక్ట్ కూడా చివరికి బ్రౌజర్ చేతిలో పెట్టేది హెచ్‌టీఎంఎలే. పునాది పాతదని ఎవరైనా రెండో అంతస్తు నుంచి ఇల్లు కడతారా?

కోర్సు ముగించిన కొందరు పిల్లోళ్ల పేజీలు నా ఫోన్‌లో తెరిచి చూసినా. ఒకరిది నెట్‌ఫ్లిక్స్ నకలు, ఇంకొకరిది అమెజాన్ నకలు. లోపల చూస్తే అన్నీ డివ్‌లే. హెడింగ్ డివ్, బటన్ డివ్, మెనూ డివ్. చూసేదానికి బటన్ మాదిరే ఉంటుంది, కీబోర్డులో ట్యాబ్ నొక్కుతా పోతే దాని మీద ఆగదు. చూపు లేనివాళ్లకు పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అక్కడ బటన్ ఉన్నట్టే తెలీదు. ఫారంలో లేబుల్ ఉండదు, పెట్టెలో బూడిద రంగు అక్షరాలుంటాయి, టైపు చేయంగానే అవీ మాయం. తప్పు పిల్లోళ్లది కాదు. నేర్పినోళ్లది.

ఇంకొక పరీక్ష చెప్తా, దీంట్లోనే అసలు సంగతి బయటపడుతుంది. అదే పేజీలో ఇంగ్లీషు తీసేసి తెలుగు పెట్టమనండి. 'దరఖాస్తు', 'విద్యార్థి వేతనం', 'కార్యవర్గ సభ్యులు' అని పెట్టేసరికి డిజైన్ అంతా చెదిరిపోతుంది. లైన్ హైట్ తక్కువ పెట్టినందుకు పై వరస వత్తులు కింద వరస గుడులకు తగులుతాయి. బటన్ ఎత్తు పిక్సెళ్లలో బిగించినందుకు రెండో వరస బయట వేలాడుతుంది. ఇటాలిక్ పెడితే, మన ఫాంట్లు చాలావాటిలో ఇటాలిక్ లేదు గనక, బ్రౌజరే అక్షరాన్ని బలవంతంగా వంచి పెడుతుంది. ఎత్తు బిగించకుండా ప్యాడింగ్ ఇచ్చి పెట్టెను పెరగనియ్యాల, లైన్ హైట్ 1.6, 1.7 దాకా పోనియ్యాల అని ఆ పొద్దు అర్థమవుతుంది. సీఎస్ఎస్ అంటే రంగులు పూయడం కాదు, లోపలి మాట పెరిగినా తరిగినా ఒరగని పెట్టె కట్టడం. నెట్‌ఫ్లిక్స్ నకలు పది చేసినా ఇది రాదు.

మన తావున ఇంకో మెలిక ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ రాసినారు. మనలో చానామందికి తెలుగు మాట వస్తుంది, చదివేది మాత్రం కన్నడ అక్షరం. యూనికోడ్‌లో కూడా తెలుగు, కన్నడ పక్కపక్క ఇండ్లే. 128 స్థానాల తెలుగు గది ముగియంగానే కన్నడ గది మొదలు. తెలుగు పేరాకు లాంగ్ దగ్గర 'టీఈ', కన్నడ పేరాకు 'కేఎన్' అని రాయాల. తెలుగు మాటను కన్నడ లిపిలో రాస్తే దానికీ గుర్తు ఉంది, 'టీఈ-కేఎన్‌డీఏ'. ఏ కోర్సులో చెప్తారు ఇది?

"ఇప్పుడు ఏఐ రాసిస్తుంది కదన్నా" అంటారు. రాసిస్తుంది. రాసిచ్చినదాంట్లో తప్పు పట్టేది ఎవరు? లెక్క రానోనికి క్యాలిక్యులేటర్ ఇస్తే వచ్చిన జవాబు సరో కాదో వానికెట్ల తెలుస్తుంది?

ఒకటి ఒప్పుకోవాల. ఉత్త హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌తో ఉద్యోగం రావడం కష్టం. జావాస్క్రిప్ట్ కావాల, ఆ తర్వాత రియాక్ట్ కూడా. నేను కొట్లాడేది వరస గురించి. మూడు నెలలు ఈ రెండే చేయండి. దానికి రూపాయి కట్టే పని లేదు. మొజిల్లావాళ్ల ఎండీఎన్‌లో పాఠాలన్నీ ఉచితం. తప్పులు చూపించే వ్యాలిడేటర్‌ను డబ్ల్యూ3సీనే ఉచితంగా పెట్టింది. సీఎస్ఎస్ ఒక్క గీత రాయకుండా ముందు పేజీ అంతా హెచ్‌టీఎంఎల్‌లో రాసి ఫోన్‌లో చదవండి. అర్థమయితేనే అలంకారం మొదలు పెట్టండి. 2003లో డేవ్ షే అనే ఆయన సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అని ఒకటి మొదలు పెట్టినాడు. హెచ్‌టీఎంఎల్ ముట్టుకోకూడదు, సీఎస్ఎస్ మాత్రమే మార్చి పేజీ రూపం మార్చాల. ఇప్పటికీ అంతకంటే మంచి సాధన నాకు కనపడలేదు.

ఇంక పెద్దలకు ఒక మాట, కోపం చేసుకోవద్దండి. పిల్లోళ్లకు పని లేదంటాం, మన సంఘం పని మాత్రం ఫొటోల్లో చేస్తాం. మీటింగ్ నోటీసు ఫొటో, సభ్యుల పట్టీ ఫొటో, విద్యార్థి వేతనం ఫారం నాలుగు వంకర ఫొటోలు. ఫొటోలో పేరు వెతికితే దొరకదు. పెద్దది చేస్తే పక్కకు జారిపోతుంది. ఆ ఫారం దొరక్క గడువు దాటిపోయిన బిడ్డ ఎవరింట్లోనన్నా ఉంటే, ఆ నష్టం ఎవరు కడతారు?

వచ్చే కార్యవర్గంలో ఇది పెట్టండి. మూడు తాలూకాల నుంచి ఇద్దరిద్దరు పిల్లోళ్లు, మొదటి పని ఆ వేతనం ఫారం, తెలుగులో, కన్నడలో. చేసినదానికి దుడ్లు ఇయ్యండి, ఊరికే చేయించుకోవద్దు. ముగిసినాక కళ్లద్దాలు లేకుండా చదవలేని నలుగురు పెద్దలు అక్షరం రెండింతలు చేసుకొని వాళ్ల ఫోన్లలోనే నింపి చూడండి. నింపలేకపోతే మళ్లీ చేయమని పంపండి.