రన్ అంటే పరుగెత్తడమేనా?

"తెలుగులో సాఫ్ట్‌వేర్ కుదరదండీ, రన్ అన్న చిన్న మాటకే తెలుగు లేదు" అని మన ఐటీ జనాలు తేల్చిపారేస్తుంటారు. "ప్రోగ్రాముని పరుగెత్తించు అనాలా?" అని ఒకరంటే మిగతావాళ్ళు నవ్వేస్తారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

అసలు ఇంగ్లీషులో మాత్రం రన్‌కి ఒక్కటే అర్థముందా? ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్ళు ఆ క్రియని సవరించి రాస్తే, 2011 నాటికి 645 అర్థాలు తేలాయి. 1989 కూర్పులో 430 అర్థాలతో ముందున్న సెట్‌ని కూడా అది దాటేసింది. కంప్యూటరు వచ్చినప్పుడు ఇంగ్లీషువాడు కొత్త క్రియ కనిపెట్టలేదు. మిల్లు, రైలు, కార్ఖానా అన్నిటికీ వాడుతున్న మాటనే ఇంకాస్త సాగదీశాడు. అంతే!

మనకి సాగదీయడం రాదా? బస్సు నడుస్తుంది, కోర్టులో కేసు నడుస్తుంది, ఖర్మ కాలితే ఏలినాటి శని కూడా నడుస్తుంది. వీటిలో దేనికీ కాళ్ళు లేవు. సినిమా వంద రోజులు ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది, గానుగ ఆడిస్తాం, మరలో పిండి ఆడించుకొస్తాం. యంత్రాన్ని పనిచేయించడానికి మన పల్లెల్లో మాట ఎప్పటినుంచో ఉంది. మనకే గుర్తులేదు.

ఇంకోటి చూడండి. ఇంగ్లీషులో ముక్కూ, కాలువా, చీర రంగూ అన్నీ రన్ అవుతాయి. మనకి ముక్కు కారుతుంది, కాలువ పారుతుంది, రంగు దిగుతుంది. ఎన్నికల్లో అమెరికావాడు రన్ చేస్తే మనవాడు నిలబడతాడు. ఎవరు పేదవాళ్ళో మీరే చెప్పండి.

మరి తెలుగు మెనూలు అంత ఘోరంగా ఎందుకుంటాయి? మన వల్లే. అనువాదం చేసేవాడికి ఓ పెద్ద జాబితా పడేస్తాం. అందులో ఓ మూల "రన్" అని ఒంటరిగా ఉంటుంది. అది నొక్కాల్సిన బటనా, నిన్న రాత్రి జరిగిన టెస్టు రన్నా? "ఓపెన్" అంటే తెరవమనా, తెరిచి ఉందనా? గెట్‌టెక్స్ట్‌లో సందర్భం రాయడానికి వీలుంది, పక్కన వ్యాఖ్య పెట్టడానికీ వీలుంది. రాసేదెంతమంది? పాపం అతను డిక్షనరీ తీసి "అమలుపరచు" అని రాస్తాడు, జీవో అమలుపరిచినట్టు. అది చూసి బెదిరిపోయిన మనిషి మళ్ళీ ఇంగ్లీషుకి మార్చుకుంటాడు. అప్పుడు మనం, "చూశారా, తెలుగులో కుదరదని ముందే చెప్పాం" అంటాం.

రన్‌ని రన్ అనే ఉంచుతారా? ఉంచండి, బస్సుని బస్సనే అంటున్నాం కదా. నడుపు అంటారా, ఇంకా మంచిది. కానీ కోడ్‌లో ఓ మాట పెట్టినప్పుడు అది తెర మీద ఎక్కడ కనిపిస్తుందో, ఏం పని చేస్తుందో పక్కన ఒక్క వాక్యం రాయండి. అర నిమిషం పని. ఆ అర నిమిషం పెట్టకుండా మన బద్ధకాన్ని భాష నెత్తిన రుద్దడం మాత్రం మానండి.