గజం ధర, చెరువు నీళ్లు

విదేశంలో ఓరుగల్లు వాళ్లు నలుగురు కలిస్తే రెండు ముచ్చట్లు తప్పవు. ఊర్లో బతుకు ఎంత చవక అన్నది ఒకటి, లక్నవరం చెరువు ఎంత బాగుంటదో అన్నది రెండోది. సెలవులకు పోయొచ్చిన వాళ్ల ఫోన్లలో అక్కడి వేలాడే వంతెన ఫొటో ఉంటది. హన్మకొండలో ఇంటిల్లిపాదీ తిన్న టిఫిన్ బిల్లును డాలర్లలోకి మార్చిన లెక్కా వినిపిస్తది. ఈ సంచికకు వచ్చిన రచనల్లోనూ అవే ఎక్కువ, సంతోషంగానే వేసుకున్నాం. అయితే ఈ రెండూ వేర్వేరు ముచ్చట్లు కావని మా అభిప్రాయం.

మన దిక్కు అందం ఉత్తగా వచ్చింది కాదు. పాకాల, లక్నవరం, రామప్ప చెరువుల్లో ఉన్నది కాకతీయుల కాలంలో మనుషులు ఆపిన నీళ్లు. గుట్టల నడుమ సందు చూసి కట్ట పోశారు, పొలాలకు తూము పెట్టారు, ఎక్కువైన నీళ్లు పోవడానికి మత్తడి వదిలారు. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, మనమంతా పండుగ చేసుకున్నాం. ఆ చుట్టుపక్కల ఊళ్లకు అన్నం పెట్టింది మాత్రం గుడి పక్కనున్న చెరువు.

బతుకును చవకగా ఉంచిందీ ఆ నీళ్లే. చెరువు నిండితే కింద బావులు ఊరుతాయి, వరి పండుతది, దగ్గరి ఊళ్ల నుంచి కూరగాయలు తెల్లారేసరికి ఆటోల్లో దిగుతాయి. కట్ట మీద తక్కెడ పెట్టి కొర్రమట్టలు అమ్ముతారు. నగరం తాగే నీళ్లు కూడా భద్రకాళి, వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువుల మీద ఆధారపడ్డవే.

ఇక చవక ఎవరికి అన్నది అడగాలి. హన్మకొండలో కిరాయికి ఉంటూ ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మ ముందు మన డాలర్ల లెక్క చెప్పి చూడండి! ‘రిటైరైతే వచ్చి ఉంటాం’ అని మనం కొన్న ప్లాట్లలో సర్కారు తుమ్మ మొలుస్తోంది, చుట్టూ గజం ధర మాత్రం ఎక్కుతోంది. అది కిరాయిలోకి ఎక్కి, కిరాయి నుంచి ఇడ్లీ ప్లేటులోకి ఎక్కుతది. 2025 ఫిబ్రవరిలో మామునూరు విమానాశ్రయానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. అది రావాలనే మనమూ కోరుకున్నాం. కానీ విమానం కంటే ముందు వెంచర్లు దిగుతాయి.

ఆ వెంచర్లకు జాగ ఎక్కడిది? కొంత చెలక, కొంత మామిడితోట, అక్కడక్కడా చెరువు శిఖం, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేల. ఎండాకాలం చూస్తే శిఖం చదునుగా, కొనబుద్ధయ్యేలా ఉంటది. వానాకాలం సంగతి వేరు. 2023 జులై వానలకు హంటర్ రోడ్డు, నయీంనగర్ దిక్కు కాలనీలు మునిగాయి. వాన గట్టిగానే కొట్టింది, కాదనం. అయినా గొలుసుకట్టు చెరువుల్లో ఒకదాని మత్తడి నీళ్లు ఇంకోదానికి చేరాలంటే నడుమ నాలా ఉండాలి కదా.

గజానికి రెండు వందలు తగ్గించడానికి నెలరోజులు ఫోన్లలో పోరే మనవాళ్లు చెరువు మ్యాపు మాత్రం అడగరు. అడగండి. సర్వే నంబరుతో పాటు ఊరి నక్ష, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు చూపించమనండి. 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు ఇల్లు కట్టకుండా వదలాలి. బ్రోచర్‌లో ‘లేక్ వ్యూ’ అని ఉంటే ఆ లేక్ మత్తడి ఎటు దుంకుతదో కూడా అడగండి. ఈ కాగితాలు ఇక్కడి నుంచే ఎట్లా తెప్పించుకోవాలో వచ్చే సంచికలో వివరంగా రాస్తాం.