సిలువ మీద ఒకే లెక్కా?

గుడ్ ఫ్రైడే నాడు మన తెలుగు చర్చిల్లో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల గురించి ప్రసంగాలు మధ్యాహ్నం మూడింటిదాకా సాగుతాయి. ప్రసంగీకులు మారతారు గానీ లెక్క మారదు: మనిషి బాకీ పడ్డాడు, దేవుడి కుమారుడు రక్తంతో తీర్చాడు. ఈ లెక్కకు పదును పెట్టినవాడు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్. 1098లో ముగించిన గ్రంథంలో ఆయన పాపాన్ని దేవుడి గౌరవానికి జరిగిన లోటుగా చూశాడు. దొరల పరువే చట్టంగా నడిచిన యూరప్‌లో అలా తోచడం సహజమే. కొద్దికాలానికే అబెలార్డ్ అనే వేదాంతి అడ్డం తిరిగాడు. సిలువ కరిగించాల్సింది మనిషి గుండెను అన్నాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే సిలువను మరణం మీద గెలుపుగా చూసిన పెద్దలున్నారు. 381 నాటి విశ్వాస ప్రమాణమైతే క్రీస్తు మనకోసం సిలువ వేయబడ్డాడని చెప్పి ఊరుకుంది, ఎలా రక్షించాడో తేల్చలేదు. ఆ మౌనమే మంచిదని నాకనిపిస్తుంది. పాపానికి బరువుందన్న అన్సెల్మ్ మాట కొట్టిపారేయలేనిదే. కానీ లూకా సువార్తలో తప్పిపోయిన కుమారుడి తండ్రి కొడుకు తగలేసిన ఆస్తికి లెక్క అడగలేదే! క్రొవ్విన దూడను కోయించాడు, నిజమే, అది విందుకు. ఏడుగురు ప్రసంగీకుల్లో ఒక్కరైనా ఆ తండ్రి వైపు నుంచి సిలువను చెబితే వినాలనుంది.