అంటేది రోగం కాదు, కడగని చెయ్యి

ఊడ్పుల్లో నడుం వంచి పనిచేసే ఒకామెకు నోట్లో పుళ్లు లేచాయి. దివిసీమలో ఒక పేట ఆమెది. ఆమె పేరు రాయటం లేదు, ఊరి పేరూ రాయటం లేదు. కారం తగిలితే నిప్పు పెట్టినట్టుంటే మజ్జిగన్నం మింగి పనికి పోయింది. ఆర్‌ఎంపీ వేడి చేసిందన్నాడు, బి కాంప్లెక్స్ బిళ్లలిచ్చాడు. నాలుగు నెలలు అట్లా గడిచాయి. అయిదో నెలలో వీపు మీద, రొమ్ముల కింద నీటి బొబ్బలు. పగిలిన చోటల్లా తోలు ఊడి పచ్చిపుండు. అప్పుడు మొదలయ్యాయి మాటలు. అమ్మవారన్నారు కొందరు. సర్పదోషం, మోపిదేవి వెళ్లి రమ్మన్నారు కొందరు. చర్చిలో నూనె రాశారు. కుష్ఠేమోనని చెవులు కొరుక్కున్నారు ఇంకొందరు. ఆఖరికి సొంత పేటలోనే ఆమె గ్లాసు వేరు చేశారు.

వేరే గ్లాసు! దాని అర్థం మనకెవరూ చెప్పనక్కర్లేదు. టీ హోటళ్లలో రెండు గ్లాసుల మీద కొట్లాడిన మనమే మన ఆడమనిషికి రెండో గ్లాసు పెట్టాం. ముందు ఈ సిగ్గు మనం పడాలి. ఆ తర్వాతే ఆస్పత్రి సంగతి మాట్లాడే హక్కు.

ఆ రోగం పేరు పెంఫిగస్. అది అంటదు. గ్లాసుతో అంటదు, కంచంతో అంటదు, పక్కలో పడుకున్నా అంటదు. ఒంటిని కాపాడటానికి రక్తంలో తయారయ్యే ప్రతిరక్షకాలే దారి తప్పి సొంత చర్మం మీద పడతాయి. చర్మంలో ఒక కణాన్ని ఇంకో కణంతో అతికించి ఉంచే జిగురులాంటి పదార్థం ఉంటుంది, డెస్మోగ్లీన్ అంటారు. ఆ జిగురును ఇవి ఊడగొడతాయి. ఇక పైతోలు నిలవదు. వేలితో ఒత్తి పక్కకు జరిపితే బాగున్న తోలు కూడా జారివస్తుంది. చాలామందికి మొదట నోట్లోనే మొదలవుతుంది, అందుకే నెలల తరబడి ఎవరూ పట్టించుకోరు. దీనికి తోడబుట్టినట్టుండే పెంఫిగాయిడ్ అనే ఇంకో రోగం ఉంది. అది ఎక్కువగా ముసలివాళ్లకొస్తుంది, బొబ్బ గట్టిగా ఉండి అంత తొందరగా పగలదు. మన దేశంలో పెంఫిగస్సే ఎక్కువ. అదీ నడివయసులో, ఇల్లు మోసే వయసులో వస్తుంది.

స్టెరాయిడ్లు వాడకంలోకి వచ్చిన 1950లకు ముందు ఇది దాదాపు చావుతీర్పే. ఇప్పుడు ఎక్కువమంది బతుకుతున్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో జె.ఎస్. పశ్రీచా అనే చర్మవ్యాధుల డాక్టరు 1980లలో ఒక పద్ధతి తెచ్చాడు. నెలకొకసారి మూడు రోజులు వరసగా డెక్సామెథాసోన్ డ్రిప్పులో ఎక్కించటం, అందులో ఒకరోజు సైక్లోఫాస్ఫమైడ్ కలపటం. పల్స్ థెరపీ అన్నారు దాన్ని. చవక మందులు, సర్కారు ఆస్పత్రిలో చెయ్యగల పని. దేశమంతా పాకింది. అంటే మందు లేక చావటం లేదు మనవాళ్లు. మరి దేనివల్ల చస్తున్నారు?

చీము వల్ల. ఈ రోగంతో పోయేవాళ్లలో ఎక్కువమందిని తీసుకుపోయేది బొబ్బ కాదు, బొబ్బ పగిలిన చోట చేరి రక్తంలోకి దిగే సూక్ష్మజీవి. అందులో ముందుండేది స్టాఫిలోకాకస్ ఆరియస్. ఆరోగ్యంగా తిరిగే మనుషుల్లో కూడా నూటికి ముప్పైమంది దాకా ముక్కులో దీన్ని మోస్తుంటారు. వాళ్లకేమీ కాదు. తోలు గట్టిగా ఉన్నంతకాలం అది గుమ్మం బయటే ఉంటుంది. తోలే లేని మనిషికి గుమ్మమెక్కడిది? పైగా రోగాన్ని అణచటానికి ఇచ్చే స్టెరాయిడ్ ఒంటి రక్షణనూ అణుస్తుంది, చక్కెర పెంచుతుంది. పుండు రసి కారుతుంటే ఒంట్లో మాంసకృత్తులు కారిపోతాయి. నోరు పుండైన మనిషి తినలేదు. సూక్ష్మజీవికి ఇంతకంటే తెరిచిన ఇల్లు ఏముంటుంది?

ఇంకో మోసం కూడా ఉంది, ప్రతి ఇంట్లో తెలియాలి. స్టెరాయిడ్ మీదున్న మనిషికి చీము పట్టినా జ్వరం సరిగా రాకపోవచ్చు. ఒళ్లు కాలటం లేదుగా అని కూర్చోకూడదు. పుండు మీద పసుపుపచ్చ పొక్కు కట్టినా, వాసన మారినా, మానుతున్న పుండు మళ్లీ తిరగబెట్టినా, మనిషి మగతగా ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. పుండు తిరగబెట్టింది రోగం వల్లా, చీము వల్లా అని తేల్చకుండా స్టెరాయిడ్ పెంచితే మంట మీద కిరోసిన్ పోసినట్టే. తేల్చటానికి ఒక పరీక్షుంది. పుండు రసి దూదిపుల్లకు తీసి కల్చర్ పెట్టటం. ఏ జీవి ఉందో, ఏ మందుకు లొంగుతుందో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. మామూలు మందులకు లొంగని స్టాఫిలోకాకస్, ఎంఆర్‌ఎస్‌ఏ అంటారు, అది ఎక్కువగా బలిసింది ఆస్పత్రుల్లోనే. అలాగని స్టెరాయిడ్ మనంతట మనం ఆపకూడదు. ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు.

మళ్లీ ఆమె దగ్గరికి వద్దాం. ఆస్పత్రిలో చేర్చాం. ఏ ఆస్పత్రో అక్కర్లేదు, అన్నిట్లో ఉన్నదే. పక్క మంచం మీదావిడ మొదటి మాటే "మీరేవిట్లమ్మా?" అని. చెప్పాక మంచం జరిపించుకుంది. ఆమె దుప్పటి వీపుకు అతుక్కుపోయింది. "సిస్టరమ్మా, కట్టు మార్చమ్మా" అని రెండురోజులు అడిగింది. మూడోరోజు కట్టు మార్చటానికి వచ్చినతను అంతకుముందు షుగరు పుండు కాలికి కట్టు కట్టి అదే చేతి తొడుగుతో వచ్చాడు. నేను అడిగితే "తొడుక్కునే ఉన్నాగా" అన్నాడు. తొడుగు తన చేతిని కాపాడేదనే అతనికి నేర్పారు, ఆమె పుండును కాపాడేదని ఎవరూ నేర్పలేదు. వారానికల్లా చీము పట్టింది.

అంటు అనే మాట మనల్ని వేల ఏళ్లుగా తరిమింది. ఈ వార్డులో దాని తలకిందుల బండారం చూడండి. అంటని రోగమున్న మనిషిని అంటరానిదన్నారు. నిజంగా అంటేది మంచం నుంచి మంచానికి తిరిగే చెయ్యి. దానికి మాత్రం అడ్డులేదు. 1847లో వియన్నా ప్రసూతి ఆస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఇదే కనిపెట్టాడు. శవాలు కోసిన చేతులతో వచ్చే డాక్టర్ల వార్డులో బాలింతలు ఎక్కువగా చచ్చిపోతున్నారు, మంత్రసానుల వార్డులో తక్కువ. సున్నపు క్లోరిన్ నీళ్లలో చేతులు కడగమన్నాడు. కొద్ది నెలల్లోనే చావులు పడిపోయాయి. పెద్ద డాక్టర్లకు మాత్రం కోపం వచ్చింది. మా చేతులు మైలా, అని. మైల ఎప్పుడూ కిందివాడికే ఉండాలి కదా మరి!

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ కట్టు కట్టినతని మీద నాకు కోపం నిలవలేదు. వార్డు ఊడ్చేది, చీము గుడ్డలు ఎత్తేది, బెడ్‌పాన్లు మోసేది ఎవరు? ఎక్కువమంది మన పేటల నుంచి పోయినవాళ్లే, కాంట్రాక్టరు కింద చాలీచాలని జీతానికి. రోజుకో జత తొడుగులిచ్చి అన్ని మంచాలు చూడమంటే అతనేం చేస్తాడు? అడిగితే ఏమవుతుందో చూశాం. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఆస్పత్రి మత్తు డాక్టరు సుధాకర్ మాస్కులు లేవని నోరు తెరిస్తే సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖ రోడ్డు మీద చేతులు వెనక్కి విరిచి కట్టారు. 2021 మేలో ఆయన చనిపోయాడు. దళితుడైన డాక్టరుకే ఆ గతి పడితే తొడుగు అడిగే స్వీపరమ్మ పరిస్థితేంటి? అందుకే తొడుగులు, సబ్బు, నీళ్లు రోగికెంత హక్కో ఆ కార్మికులకూ అంతే హక్కు. రెండూ ఒకే కొట్లాట.

హక్కన్నది మన ఊహ కాదు. 1992లో బెంగాల్లో రైలు నుంచి పడ్డ ఒక కూలీని ఒక్క సర్కారు ఆస్పత్రీ చేర్చుకోకుండా తిప్పింది. వ్యవసాయ కూలీల సంఘం సుప్రీంకోర్టుకెక్కింది. సర్కారు ఆస్పత్రిలో సకాలంలో వైద్యం అందించకపోతే 21వ అధికరణం కింద జీవించే హక్కును హరించినట్టేనని, డబ్బు లేదన్నది సాకు కాదని 1996లో కోర్టు చెప్పింది. గెలిచింది ఎవరు? కూలీల సంఘం. మన సంఘాలు గుర్తుపెట్టుకోవాలి.

మన దగ్గర అడగాల్సింది కొండలు పిండి కొట్టమని కాదు. 2023 సెప్టెంబరులో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, 150 సీట్లతో. వైద్య కళాశాల అన్నాక చర్మవ్యాధుల శాఖ, సూక్ష్మజీవుల పరీక్షలు చేసే మైక్రోబయాలజీ శాఖ ఉండి తీరాలి. అలాంటప్పుడు గుడివాడలోనో అవనిగడ్డలోనో పుండు రసి తీసి బందరుకు పంపటానికి అడ్డేంటి? గుడివాడ నుంచి రైలుంది. దివిసీమకు రైలు లేదు, బస్సుంది. మనిషిని పుళ్లతో బెజవాడ దాకా కుదుపుకుంటూ తీసుకుపోయే బదులు దూదిపుల్ల గంటన్నరలో బందరు చేరదా? 2022లో జిల్లా చీల్చి బెజవాడను వేరు చేశారు, జిల్లా కేంద్రం బందరే అన్నారు. అయితే బందరు ఆ పని చెయ్యాలి.

కట్టు సంగతి. గాజుగుడ్డ పొడిగా వేస్తే పుండుకు అతుక్కుని, తీసేటప్పుడు కొత్త తోలు లాక్కుని వస్తుంది. మనదేశంలో చాలా చర్మవ్యాధుల వార్డుల్లో అరటాకు వాడతారు. ఆవిరిపట్టి శుభ్రం చేసి చల్లార్చిన అరటాకు పరిస్తే పుండుకు అంటుకోదు, చల్లగా ఉంటుంది, ఖర్చు లేదు. కృష్ణ ఒడ్డున అరటితోటలు పెట్టుకుని మన ఆడవాళ్లను రబ్బరుషీటు మీద పడుకోబెట్టటం ఏం వైద్యం? ఇంట్లో పచ్చి ఆకు తెచ్చి పుండు మీద వెయ్యమని మాత్రం కాదు, శుభ్రం చెయ్యని ఆకుతో ఇంకో సూక్ష్మజీవిని పిలిచినట్టే. రోజూ దుప్పటి మార్చాలి, మంచానికొక చేతులు రుద్దుకునే సీసా ఉండాలి. 2020లో ప్రతి గుమ్మానికీ సీసా వేలాడదీశారు కదా, ఇప్పుడు మంచం పక్కన పెట్టటానికి చేతులు రావా?

ఇక కొత్త మందు రిటుక్సిమాబ్. 2018లో అమెరికా దాన్ని పెంఫిగస్‌కు ఆమోదించింది. మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ కంపెనీ 2007లోనే దాని చవక రూపం చేసింది. చవకంటే కంపెనీ లెక్కలో చవక, ఊడ్పుల కూలి లెక్కలో కాదు. 2007లోనే ఆరోగ్యశ్రీ కూడా వచ్చింది. ఈ రోగానికి, దాని మీద పట్టే చీముకు, మళ్లీ మళ్లీ చేరాల్సి వచ్చినదానికి ఏ ఆస్పత్రిలో ఏమిస్తారో తెలుగులో, పెద్ద అక్షరాల్లో, చీటీ ఇచ్చే కిటికీ పక్కన రాసిపెట్టమని అడుగుతున్నాం.

ఆమె బతికింది. చీముకు సరైన మందు పడటానికి కల్చర్ బయట చేయించాం, డబ్బు పేటలో చందా వేసుకున్నారు, గ్లాసు వేరు చేసినవాళ్లు కూడా ఇచ్చారు. నెలకు మూడురోజులు డ్రిప్పుకు పోతోంది. ఆ మూడురోజులూ కూలి లేదు, తోడుపోయే కూతురికీ లేదు. వచ్చే డ్రిప్పు తేదీ సరిగ్గా ఊడ్పుల మధ్యలో పడింది. మునుం కట్టిన ఆడవాళ్లు ఆమె వాటా తలా కొంచెం పంచుకుని చేస్తామన్నారు.