మన కెమెరా... ఎవరి కన్ను?

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ తెలుగువాళ్లు ఉద్యోగాలకు వెళ్లి స్థిరపడిన ఊరు బిలాస్‌పూర్. మా బాబాయి కుటుంబమూ అలా వెళ్లిందే. ఈమధ్య వెళ్లినప్పుడు గోల్ బజార్‌లోని తన దుకాణంలో కొత్తగా పెట్టించిన కెమెరాలను ఆయన ముచ్చటగా చూపించారు. గల్లాపెట్టె, గోదాం, ముందున్న వీధి... అన్నీ సెల్‌ఫోన్‌లో కనిపిస్తున్నాయి. ‘పాస్‌వర్డ్ ఏం పెట్టారు బాబాయ్?’ అని అడిగాను. ‘మార్చేదేముందిరా, పెట్టె మీద రాసి ఉన్నదే’ అన్నారాయన. దేశ భద్రతకు సంబంధించిన పెద్ద సమస్య ఆ చిన్న జవాబులోనే ఉంది.

2024 జనవరి 2న కీవ్ నగరంపై రష్యా క్షిపణులతో విరుచుకుపడింది. ఆ దాడికి ముందు నివాస భవనాలపై ఉన్న రెండు మామూలు కెమెరాలను రష్యన్లు హ్యాక్ చేసి, రక్షణ వ్యవస్థలు ఎక్కడున్నాయో చూశారని ఉక్రెయిన్ భద్రతా సంస్థ ప్రకటించింది. యుద్ధం మొదలయ్యాక అలాంటి కెమెరాలను దాదాపు 10 వేల వరకు నిలిపివేయించామని చెప్పింది. వాహనాలు నిలిపే చోటును చూసుకోవడానికి పెట్టుకున్న కెమెరా శత్రువుకు దుర్భిణి అయిందన్నమాట. 2016లో ‘మిరాయ్’ అనే మాల్‌వేర్, తయారీదారులు పెట్టిన అరవైకి పైగా పాస్‌వర్డ్‌లను ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తూ లక్షల పరికరాల్లోకి చొరబడింది. వాటిలో కెమెరాలే చాలా ఉన్నాయి. ఆ ఏడాది అక్టోబరు 21న అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి స్తంభించాయి.

మన ప్రభుత్వానికీ ఈ ముప్పు తెలుసు. ప్రభుత్వ సంస్థల్లో సుమారు 10 లక్షల చైనా కంపెనీల కెమెరాలున్నాయని 2021లోనే పార్లమెంటుకు తెలిపింది. 2024 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు నోటిఫై చేసి, 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి తెచ్చింది. వాటి ప్రకారం నెట్‌వర్క్ కెమెరాలను గుర్తింపు పొందిన ప్రయోగశాలల్లో పరీక్షించాకే అమ్మాలి. ఇది మంచి అడుగే. కానీ ఇప్పటికే గోడలకు బిగించి ఉన్న కెమెరాల సంగతేమిటి? ధ్రువపత్రం ఉన్న కెమెరాకైనా పాస్‌వర్డ్‌ను ప్రభుత్వం వచ్చి మార్చదు కదా!

మనం ధర, మెగాపిక్సెళ్లు చూసి కొంటున్నాం. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ మోడల్‌కు ప్రభుత్వ ధ్రువీకరణ ఉందా? తయారీదారు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు? దృశ్యాలు ఎక్కడ నిల్వ అవుతాయి? అపరిచితుడి ముఖాన్ని గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు కావాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. 1920 పిక్సెళ్ల వెడల్పున్న రెండు మెగాపిక్సెళ్ల కెమెరా ఆ స్పష్టతతో చూపగలిగేది ఏడున్నర మీటర్లే. వీధి మొత్తానికి ఒకటి పెట్టి దొంగ ముఖం కనబడలేదని వాపోతే లాభం లేదు. సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున ఒక కెమెరా రోజుకు 21.6 జీబీ నింపుతుంది. ఎనిమిది కెమెరాలకు 30 రోజులంటే 5 టీబీ దాటుతుంది. డిస్కు అంతకన్నా పెద్దదే కొనాలి.

బిగించాక చేయాల్సినవీ కష్టమైనవి కావు. ఆ సాయంత్రమే కూర్చుని బాబాయి పాస్‌వర్డ్ మార్చాం. బయటి నుంచి నేరుగా లోపలికి వచ్చేలా రూటర్‌లో తెరిచి ఉంచిన పోర్టును మూసేశాం. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, కెమెరాలను బిల్లింగ్ కంప్యూటర్ ఉన్న నెట్‌వర్క్ నుంచి విడదీశాం. గడియారం చూస్తే 40 నిమిషాలు వెనక ఉంది. సమయం తప్పుగా ఉన్న దృశ్యాన్ని కోర్టులో ప్రశ్నించడం ఎంతో తేలిక. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా ఇవ్వాలంటే ధ్రువపత్రం జతచేయాలి. ఈ పనంతా గంటన్నరలో ముగిసింది.

కానీ ప్రతి దుకాణదారుకూ చేసిపెట్టే మనిషి ఇంట్లో ఉండడు. బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్ర స్థానం. దేశానికి బొగ్గు మోసే రైళ్లు కదిలే ప్రాంతమిది. ఇలాంటి ఊళ్లలో తాళం లేని ప్రతి కెమెరా బయటివాడికి తెరిచిన కిటికీయే. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగిన 2013లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనసమ్మర్ద ప్రాంతాల్లో కెమెరాలు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఆ తర్వాత దుకాణాల్లో కెమెరాలు పెట్టమని పోలీసులు ఊరూరా చెబుతూనే ఉన్నారు. కెమెరా ఉందా అని అడిగే అధికారి, పాస్‌వర్డ్ మార్చారా అని కూడా అడగాలి. వర్తక సంఘాలు ఏడాదికోసారైనా తనిఖీ చేయించాలి. బిగించే సాంకేతిక నిపుణుడు పాస్‌వర్డ్ మార్చి ఇవ్వకుండా డబ్బు తీసుకోకూడదన్న నియమం రావాలి. ఇంటికి తలుపు బిగించిన వడ్రంగి తాళంచెవిని వీధిలో వదిలేసి వెళ్తే ఊరుకుంటామా? కెమెరా విషయంలో మాత్రం ఇన్నాళ్లూ ఊరుకుంటున్నాం.